ఆగిన చోటు కూడా లెక్కలోకి రావాలి

(బహిరంగ మ్యాపు డేటాతో కారు ప్రయాణ సమయాన్ని మెరుగ్గా అంచనా వేయడం గురించి ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇంత వానలో కూడా వచ్చారు, సంతోషం.

మీలో చాలామంది తిరుమల కొండకు రోడ్డు మీద వెళ్ళే ఉంటారు. ఘాట్ రోడ్డు ఎక్కే వాహనానికి కనీసం 28 నిమిషాలు, దిగే వాహనానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని అక్కడొక నియమం ఉంది. అంతకంటే ముందే చేరారంటే వేగం మించి నడిపారన్నమాట, జరిమానా కట్టాలి. ఆ కొండ దారికి 20 నిమిషాలని ఏ యాప్ చెప్పినా, దాని లెక్క ఎంత గొప్పదైనా సరే, తప్పే. దానికి తెలియనిది గణితం కాదు, ఆ దారికి సంబంధించిన ఒక చిన్న విషయం. అలాంటి చిన్న విషయాల గురించే ఇవాళ మాట్లాడతాను.

నేను ఈ పనిలోకి వచ్చింది కుతూహలంతో కాదు. కొన్నేళ్ళ కిందట ఒక రాత్రి మా అమ్మకు ఊపిరి అందలేదు. మా ఇంటికి రెండు దిక్కుల్లో రెండు ఆసుపత్రులున్నాయి. ఫోనులోని యాప్ ఒకదానికి 18 నిమిషాలు, రెండోదానికి 24 నిమిషాలు అని చూపించింది. 18 నిమిషాల దారి పట్టాను. దారిలో రైల్వే గేటు పడింది. గూడ్సు బండి వెళ్ళింది, గేటు ఎత్తలేదు. ఎదురుగా ఇంకో బండి వచ్చింది. గేటు దాటాక అడుగడుగునా స్పీడ్ బ్రేకర్లు. వెనక సీట్లో అమ్మ, ఆమె చెయ్యి పట్టుకుని నా భార్య. చేరేసరికి 40 నిమిషాలు దాటింది. అమ్మ కోలుకుంది, ఇప్పుడు బాగుంది. కానీ ఆ 18 అనే అంకె ఎలా పుట్టిందో తెలుసుకోవాలన్న పట్టుదల నన్ను వదల్లేదు.

ఆ అంకె పుట్టుక గురించి చెబుతాను. రోడ్ల వలను కంప్యూటర్ బిందువులుగా, వాటిని కలిపే గీతలుగా చూస్తుంది. ప్రతి గీతకూ ఇన్ని సెకన్లు అని ఒక వెల కడుతుంది. ఆ వెలల మొత్తం ఎక్కడ తక్కువైతే అదే దారి. ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1959లో అచ్చువేసిన పద్ధతే దీనికి ఇప్పటికీ మూలం. 2008లో జర్మనీలోని కార్ల్స్‌రూయె పరిశోధకులు ముఖ్యమైన కూడళ్ళ మధ్య అడ్డదారులను ముందే లెక్కగట్టి ఉంచుకునే ఉపాయం కనిపెట్టారు. దాంతో దేశమంత మ్యాపులో దారి వెతకడం రెప్పపాటు పని అయింది. అంటే, దారి వెతకడంలో ఇబ్బంది దాదాపు తీరిపోయింది. మిగిలింది గీతలకు వెల కట్టడం. అక్కడే మనం బోల్తా పడుతున్నాం.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. 2004లో ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన ప్రపంచ మ్యాపు అది. వికీపీడియా లాగే ఎవరైనా మార్చవచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు. దాని మీద పనిచేసే దారి లెక్కల ఇంజన్లు, అంటే ప్రోగ్రాములు కూడా అందరికీ అందుబాటులో ఉన్నాయి: ఓఎస్ఆర్ఎం, గ్రాఫ్‌హాపర్, వాల్‌హల్లా. వీటి లోపల ఏముందో తెరిచి చదవవచ్చు. నేను మొదట తెరిచింది ఓఎస్ఆర్ఎం వాళ్ళ కారు ప్రొఫైల్, అంటే కారుకు దారి లెక్కగట్టే నియమాల ఫైలు. మ్యాపులో ప్రతి రోడ్డుకూ ఒక తరగతి రాసి ఉంటుంది, ఆ తరగతిని బట్టి వేగం చెప్పే చిన్న పట్టిక అందులో ఉంది. మోటార్‌వే అయితే గంటకు 90 కిలోమీటర్లు, ట్రంక్ రోడ్డుకు 85, ప్రైమరీకి 65, సెకండరీకి 55, టెర్షియరీకి 40, ఇళ్ళ మధ్య రోడ్డుకు 25. రోడ్డు మీద వేగ పరిమితి ఎంతో మ్యాపులో ఎవరైనా రాసి ఉంటే ఈ పట్టికను పక్కన పెట్టి, ఆ పరిమితిలో 80 శాతం తీసుకుంటుంది. గ్రాఫ్‌హాపర్ 90 శాతం తీసుకుంటుంది. దేనికీ ఏమీ రాసి లేకపోతే ఆ పట్టికే గతి.

ఇప్పుడు మన దేశానికి రండి. ఇక్కడి మ్యాపు కార్యకర్తల ఒప్పందం ప్రకారం జాతీయ రహదారి అంటే ట్రంక్, రాష్ట్ర రహదారి అంటే ప్రైమరీ. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి ట్రంక్. రెండు వరుసల సన్నని రోడ్డయి, ఊరి నడిబొడ్డున సంతను చీల్చుకుంటూ పోయే జాతీయ రహదారి కూడా ట్రంకే. రెంటికీ పట్టిక ఇచ్చే వేగం 85! ఆ సంతలో 85 కిలోమీటర్ల వేగం ఎవరైనా ఊహించగలరా? వాల్‌హల్లా ఈ చిక్కును కొంత పసిగట్టింది. ఒక చోట చుట్టుపక్కల ఎంత పొడవు రోడ్లు కిక్కిరిసి ఉన్నాయో చూసి, అది ఊరో పొలమో తేల్చుకుని వేగం తగ్గిస్తుంది. మంచి ఆలోచన. అయితే దానికి ఊళ్ళోని చిన్న వీధులన్నీ మ్యాపులో ఉండాలి. పెద్ద రోడ్డు గీసి వీధులు గీయని ఊరు దాని కంటికి పొలంలాగే కనబడుతుంది. కాబట్టి మీ ఊరి సందులు గీయడం కూడా పక్కనే వెళ్ళే హైవే ప్రయాణ సమయాన్ని సరిచేయడమే. ఈ సంగతి అర్థమైన రోజు నాకు ఎంత ఆనందం కలిగిందో చెప్పలేను.

వేగం అంకెలను సరిచేస్తే చాలని నేనూ మొదట్లో అనుకున్నాను. ఒక లెక్క చేశాక మనసు మారింది. బోర్డు మీద రాస్తాను, మీరూ రాసుకోండి.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పొడవు 158 కిలోమీటర్లు. పట్టికలోని 90 వేగంతో చుట్టి వస్తే 105 నిమిషాలు. అక్కడి పరిమితి 120 అని మ్యాపులో రాసి ఉంటే ఇంజన్ 96 తీసుకుంటుంది, 99 నిమిషాలు. 158 కిలోమీటర్ల మీద తేడా 6 నిమిషాలు.

ఇప్పుడు నగరంలో 10 కిలోమీటర్ల రోడ్డు ఊహించుకోండి. నడిచేటప్పుడు వేగం 40 అనుకుందాం, 15 నిమిషాలు. దాని మీద 12 సిగ్నళ్ళు, 20 స్పీడ్ బ్రేకర్లు. సిగ్నల్ ఒక చుట్టు 120 సెకన్లు, అందులో మనకు ఎర్ర దీపం 80 సెకన్లు. ఏదో ఒక క్షణంలో అక్కడికి చేరే కారుకు ఎర్ర దీపం తగిలే అవకాశం మూడింట రెండు వంతులు. తగిలితే సగటున 40 సెకన్లు ఆగాలి. రెండూ గుణిస్తే 27 సెకన్లు. ముందున్న వాహనాల బారు ఇందులో లేదు, ఉత్త దీపం మాత్రమే. ఓఎస్ఆర్ఎం మామూలు ప్రొఫైల్ సిగ్నల్‌కు కట్టే వెల ఎంతో తెలుసా? 2 సెకన్లు.

స్పీడ్ బ్రేకర్‌ది ఇంకో లెక్క. భారత రోడ్డు కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం కట్టినదైతే 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది, దాన్ని గంటకు 25 కిలోమీటర్ల వేగంతో హాయిగా దాటవచ్చు. మన వీధుల్లో ఆ కొలతకు కట్టినవి తక్కువ. మిగతావాటి దగ్గర దాదాపు నడక వేగానికి దిగాలి. గంటకు 54 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు 18కి తగ్గి, మళ్ళీ 54 అందుకోవడానికి మామూలు బ్రేకుతో, మామూలు యాక్సిలరేటర్ తొక్కుడుతో సుమారు 13 సెకన్లు పడుతుంది. బ్రేకర్ లేకపోతే అదే 130 మీటర్లు 9 సెకన్లలోపే దాటేది. అంటే ఒక్కోదానికి 4 సెకన్ల పైన నష్టం. 40 వేగం దగ్గర కొంత తగ్గుతుంది, కానీ మన బ్రేకర్ల ఎత్తు చూస్తే 4 అనుకోవడమే న్యాయం.

12 సిగ్నళ్ళకు 324 సెకన్లు, 20 బ్రేకర్లకు 80 సెకన్లు. దీపాలకు ఇంజన్ ముందే కలిపిన 24 సెకన్లు తీసేస్తే ఇంకా ఆరు నిమిషాల పైన మిగులుతుంది. ఔటర్ రింగ్ రోడ్డంతా చుట్టి వచ్చినప్పుడు వచ్చిన తేడా ఇక్కడ 10 కిలోమీటర్లకే వచ్చేసింది. మన దగ్గర సమయం పోయేది రోడ్డు పొడవునా కాదు, రోడ్డు మీద కొన్ని చుక్కల దగ్గర. ఆ చుక్కలు మ్యాపులో ఉండాలి. సిగ్నల్‌కు ట్యాగు, అంటే అదేమిటో మ్యాపులో చెప్పే గుర్తు, ఉంది, బ్రేకర్‌కు ఉంది, రైల్వే గేటుకు ఉంది, టోల్ గేటుకు ఉంది. ప్రపంచమంతా ఒప్పుకున్న ట్యాగులే. మన ఊళ్ళలో పెట్టేవాళ్ళు కావాలి.

మలుపుల గురించి కూడా ఒక మాట. మనం ఎడమ వైపున నడిపేవాళ్ళం కనుక ఎడమకు తిరగడం సులువు, ఎదురు వాహనాలను దాటుకుని కుడికి తిరగడం కష్టం. ఓఎస్ఆర్ఎం మలుపు కోణాన్ని బట్టి ఏడున్నర సెకన్ల దాకా కలుపుతుంది, యూటర్న్‌కు 20 సెకన్లు అదనం. ఈ అంకెలు చిన్నవి, మార్చుకోవచ్చు. అసలు దెబ్బ వేరే చోట తగులుతుంది. హైదరాబాద్‌లో ఎన్నో కూడళ్ళలో కుడి మలుపు మూసేసి, కొంత దూరం ముందుకు వెళ్ళి వెనక్కి తిరిగేలా యూటర్న్‌లు పెట్టారు. డివైడర్ మూసిన సంగతి మ్యాపులో లేకపోతే యాప్ నిన్నటి మలుపే చూపిస్తుంది. ఆ కూడలిలో కుడి మలుపు లేదని చెప్పడానికి మ్యాపులో ఒక సంబంధం రాయాలి: ఈ రోడ్డు నుంచి, ఈ బిందువు మీదుగా, ఆ రోడ్డులోకి పోరాదు. రెండు నిమిషాల పని. రోజూ ఆ కూడలి దాటే ప్రతి డ్రైవరుకూ అది పనికొస్తుంది.

ఇక్కడ మీలో ఒకరు అడుగుతారని నాకు తెలుసు: ఇంత శ్రమ ఎందుకు, వచ్చిన సమయాన్ని ఒకటిన్నరతో గుణిస్తే సరిపోదా? చాలామంది చేసేది అదే. సగటు మీద అంచనా సరిగ్గా కూడా కనిపిస్తుంది. కానీ మా అమ్మను తీసుకువెళ్ళిన రాత్రికి ఆ గుణకారం చేసి చూడండి. 18 కాస్తా 27 అయ్యేది, 24 కాస్తా 36 అయ్యేది. నేను మళ్ళీ ఆ గేటున్న దారే పట్టేవాణ్ణి. అన్ని దారులనూ ఒకే అంకెతో గుణిస్తే ఏ దారి మేలో చెప్పే వరుస మారదు. ఏ దారి మీద ఏముందో తెలిసినప్పుడే ఆ వరుస మారుతుంది. ఈ ఒక్క కారణం చాలు నాకు, గుణకాలను వదిలేసి చుక్కలు పెట్టడానికి.

రైల్వే గేటు లెక్క నన్ను చాలా రోజులు తిప్పలు పెట్టింది. ఒక గేటు రోజుకు 20 సార్లు, ఒక్కోసారి 6 నిమిషాలు మూసి ఉంటుందనుకోండి. మొత్తం 2 గంటలు. మనం వెళ్ళేసరికి మూసి ఉండే అవకాశం పన్నెండింట ఒకటి. మూసి ఉంటే సగటున 3 నిమిషాలు ఆగాలి. రెండూ గుణిస్తే వచ్చేది 15 సెకన్లు! ఒక సిగ్నల్‌కంటే తక్కువ. లెక్క తప్పేమీ కాదు. వెయ్యిసార్లు ఆ దారిన వెళ్ళేవాడికి అది సరైన సగటే. ఆ ఒక్క రాత్రి వెళ్ళేవాడికి మాత్రం ఆ 15 సెకన్లు దేనికీ కొరగావు. పన్నెండు సిగ్నళ్ళున్న దారిలో ఒకచోట ఎక్కువ ఆగితే ఇంకోచోట తక్కువ ఆగుతాం, మొత్తం మీద సర్దుకుంటుంది. గేటు సర్దుకోదు. అది ఉంటే అంతా ఉంటుంది, లేకపోతే ఏమీ ఉండదు. అందుకే నా ప్రోగ్రాములో నేను ఒక అంకె చూపించడం మానేశాను. ‘18 నుంచి 26 నిమిషాలు, దారిలో ఒక రైల్వే గేటు’ అని చూపిస్తాను. పెళ్ళికి వెళ్ళేవారు మొదటి అంకె చూసుకుంటారు, ఆసుపత్రికి వెళ్ళేవారు రెండోది చూసుకుంటారు. ఆ ఎంపిక మనిషిది. దాన్ని యాప్ లాగేసుకోకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

మరి అసలు వేగాలు ఎక్కడి నుంచి తేవాలి? పెద్ద సంస్థలకు కోట్ల ఫోన్ల కదలికలు అందుతాయి. మనకు ఆ వసతి లేదు. కానీ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎవరైనా తమ ప్రయాణపు జీపీఎస్ జాడను, అంటే బండి ఎప్పుడెక్కడ ఉందో చెప్పే చుక్కల వరుసను, ఎక్కించవచ్చు. ఇందులో ఒక మెలిక ఉంది. ఎక్కించేటప్పుడు నాలుగు రకాల్లో ఒకటి ఎంచుకోమంటుంది. కొన్ని రకాల్లో చుక్కలు మాత్రమే ఇతరులకు కనబడతాయి, వేళలు కనబడవు. రోడ్డు గీయడానికి ఆ చుక్కలు చాలు, వేగం కట్టడానికి చాలవు. ‘ట్రాకబుల్’ అనే రకంలో మన పేరు బయటికి రాదు, కానీ చుక్కలు వరుసలో, వేళలతో ఉంటాయి. మనకు కావలసింది అదే. అయితే మీ ఇంటి గుమ్మం నుంచి జాడ మొదలుపెట్టకండి. వీధి చివరికి వచ్చాక మొదలుపెట్టి, చేరే చోటుకు ఒక వీధి ముందే ఆపేయండి.

జాడ వచ్చాక దాన్ని రోడ్డు మీద కూర్చోబెట్టాలి. జీపీఎస్ చుక్క రోడ్డు పక్కన నాలుగైదు మీటర్ల దూరంలో పడుతుంది, ఎత్తయిన భవనాల మధ్య ఇంకా దూరం పోతుంది. ప్రతి చుక్కనూ దగ్గరి రోడ్డుకు అంటించేస్తే కారు ఒక క్షణం హైవే మీద, మరుక్షణం సర్వీసు రోడ్డు మీద గెంతుతుంది. 2009లో న్యూసన్, క్రమ్ అనే ఇద్దరు పరిశోధకులు చూపిన దారిలో చుక్కలన్నిటినీ కలిపి చూసి, ఏ వరుస నమ్మదగినదో తేల్చుకుంటాం. అయినా మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే దగ్గర ఇది తడబడుతుంది. పైన ఆగకుండా సాగే రోడ్డు, సరిగ్గా కింద కూడళ్ళ రోడ్డు. ఆకాశం నుంచి చూస్తే రెండూ ఒకటే గీత. కింది కారు ఆలస్యాన్ని పై రోడ్డుకు అంటగడితే రెండు అంచనాలూ చెడిపోతాయి. కారు ఎక్కడ పైకి ఎక్కిందో ఆ ర్యాంపు దగ్గరి చుక్కలే మనకు ఆధారం. కాబట్టి ర్యాంపులను మ్యాపులో ఒళ్ళు దగ్గర పెట్టుకుని గీయాలి.

ఇంకో పొరపాటు, నేనే ఆరు నెలలు చేసినది. ఒకే 5 కిలోమీటర్ల ముక్కను ఒక కారు 60 వేగంతో 5 నిమిషాల్లో, ఇంకో కారు 10 వేగంతో 30 నిమిషాల్లో దాటింది. వేగాల సగటు 35. ఆ వేగంతో ఆ ముక్కకు ఎనిమిదిన్నర నిమిషాలు. కానీ ఆ ఇద్దరికీ పట్టిన సమయాల సగటు 17.5 నిమిషాలు! సగానికి సగం తేడా. సగటు కట్టాల్సింది సమయాలకు, వేగాలకు కాదు. అంచనాలన్నీ తక్కువగా ఎందుకు వస్తున్నాయని తల బద్దలు కొట్టుకుంటుంటే, మా అమ్మాయి లెక్కల పుస్తకంలో పడవ మీద ఉన్న ప్రశ్న చూసి నాకు తట్టింది.

అలా వచ్చిన వేగాలను ఓఎస్ఆర్ఎంకు ఒక సాదా పట్టికగా ఇవ్వవచ్చు. ఏ బిందువు నుంచి, ఏ బిందువుకు, ఎంత వేగం. మూడే గడులు. ఉదయం తొమ్మిదికి ఒక పట్టిక, మధ్యాహ్నానికి ఒకటి, రాత్రికి ఒకటి పెట్టుకుంటే చిన్న పట్టణానికి సరిపోతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, కొలిచిన వేగంలో సిగ్నల్ దగ్గర ఆగిన సమయం ముందే కలిసి ఉంటుంది. ఆ ముక్కకు మళ్ళీ 27 సెకన్లు కలిపితే రెండుసార్లు వడ్డించినట్టు.

ఈ వేగాలను మ్యాపులోనే రాసేద్దామా అని అడుగుతారు. వద్దు. మరొకరు వెళ్ళి కళ్ళతో సరిచూడగలిగినదే మ్యాపులో రాయాలన్నది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పద్ధతి, అది మంచి పద్ధతి. సిగ్నల్ ఉందో లేదో ఎవరైనా చూడగలరు. ఇక్కడ సాధారణంగా 32 వేగంతో వెళ్తారనేది ఒకరి అనుభవం. కోతల కాలంలో రోడ్డు మీద సగం దాకా ధాన్యం ఆరబోస్తారు, అది నాలుగు వారాల సంగతి. సంక్రాంతి ముందు రోజు విజయవాడ దారిలోని పంతంగి టోల్‌ప్లాజా దగ్గర నిలిచే కార్ల బారు ఒక్క రోజు సంగతి. అవి ఇంజన్‌కు పక్క నుంచి ఇచ్చే పట్టికల్లో ఉండాలి, మ్యాపులో కాదు. మ్యాపులో తప్పక ఉండాల్సిన వేళలు వేరే ఉన్నాయి. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్ళే దారిలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను పోనివ్వరు. అది రాతలో ఉన్న నియమం, షరతుతో కూడిన ట్యాగుగా రాయవచ్చు. అది చదవగలిగే ఇంజన్, రాత్రి ఎనిమిదిన్నరకు హైదరాబాద్‌లో బయలుదేరేవారికి ఆ అడవి దారి తగదని ముందే చెప్పగలదు.

ప్రశ్న వినబడింది. పెద్ద సంస్థల యాప్‌లు ఉచితంగా ఇవన్నీ ఇస్తుంటే మనం చేయడం దేనికి, అని కదా? వాటి అంచనాలు చాలా చోట్ల మనకంటే మెరుగే, ఒప్పుకుంటాను. కానీ వాళ్ళ అంకె తప్పినప్పుడు ఎందుకు తప్పిందో మీరు తెరిచి చూడలేరు, సరిచేయలేరు. ఫోన్లు తక్కువగా తిరిగే ఊళ్ళలో వాళ్ళకూ కదలికలు తక్కువే అందుతాయి. మీ జిల్లాలో అంబులెన్సులు నడిపేవాళ్ళకు ఒక దారి లెక్క కావాలనుకోండి. వాళ్ళ కంప్యూటర్‌లోనే, ఇంటర్నెట్ లేకుండా, వాళ్ళ బండ్ల పాత జాడలతో, వాళ్ళకు తెలిసిన గేట్లతో నడిచే ఇంజన్‌ను మీలో ఇద్దరు కూర్చుని ఒక నెలలో కట్టి ఇవ్వగలరు. అది వాళ్ళ చేతిలో ఉంటుంది.

ఇంకో ప్రశ్న, అంచనా మెరుగైందని ఎలా తెలుస్తుంది? జాడల్లో ఐదో వంతు ముందే పక్కన పెట్టేయండి, వాటిని వేగాలు కట్టడానికి ముట్టుకోవద్దు. చివర్లో ఆ ప్రయాణాలకు అంచనా వేయించి, నిజంగా పట్టిన సమయంతో పోల్చండి. ఎన్ని నిమిషాలు తప్పిందన్నదానితో పాటు ఎటు తప్పిందో కూడా రాసుకోండి. ముందు చేరితే ఎవరూ బాధపడరు, ఆలస్యమైతేనే బాధ.

వచ్చే ఆదివారం పొద్దున్న ఆరున్నరకు ఈ కాలేజీ గేటు దగ్గర కలుద్దాం. ఇక్కడి నుంచి రైల్వే స్టేషన్ దాకా మూడు దారులున్నాయి. మూడు జట్లుగా నడుద్దాం. ప్రతి స్పీడ్ బ్రేకర్‌నూ, సిగ్నల్‌నూ, మూసిన డివైడర్‌నూ ఫోనులో గుర్తు పెడదాం. స్ట్రీట్‌కంప్లీట్ అనే యాప్ ముందే దించుకుని రండి, రోడ్డు ఉపరితలం తారుదా సిమెంటుదా కంకరదా అని అదే అడుగుతుంది, జవాబు నొక్కితే చాలు. ఒక దారిలో రైల్వే గేటు ఉంది కనుక ఆ దారి జట్టులో ఇద్దరు అక్కడే కూర్చుని, ఎప్పుడు పడిందో ఎప్పుడు ఎత్తారో పది గంటల దాకా రాసుకోవాలి. గొడుగు తెచ్చుకోండి. నేను గేటు దగ్గర ఉంటాను.